ఎగైలాలో దసరా మాస్టారు

మొన్న అక్టోబరు నెలాఖరున మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. శుక్రవారం సాయంత్రం గుమ్మడికాయలు చెక్కే పోటీ, శనివారం పిల్లల దెయ్యాల వేషాలు, ఆదివారం మేడ మీద సినిమా, బిర్యానీ. హాలోవీన్ వీకెండ్ అట. కాకినాడలో హాలోవీన్ ఏమిటని నేను అడగలేదు. అడిగితే, "అన్నేళ్లు కువైట్‌లో ఉండొచ్చారు, మీకు తెలీదా ఆంటీ" అంటారు. బొమ్మల్లో కనిపించే నారింజ రంగు గుమ్మడికాయలు ఎక్కడా దొరక్క మావాళ్లు రైతుబజారు నుంచి కూర గుమ్మడికాయలు తెచ్చి కళ్లూ ముక్కూ చెక్కారు. చెక్కగా రాలిన ముక్కలన్నీ పోగుచేసి మా వాచ్‌మన్ భార్య మంగ దప్పళం పెట్టింది. నాకూ ఒక గిన్నెడు తెచ్చింది. మూడు రోజుల పండగలో నాకు నచ్చింది ఆ దప్పళం ఒక్కటే.

ఆ ప్రకటన చివర ఒక గమనిక ఉంది. పిల్లలు తలుపు మీద స్టిక్కర్ అంటించిన ఫ్లాట్లకు మాత్రమే వెళ్లాలి, మిగతా తలుపులు తట్టకూడదు. ఆ మాట చదవగానే నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో అప్పటికప్పుడు తెలియలేదు. మా ఆయన పేపరు వెనకనుంచి, "ఇప్పుడు ఎవరిమీద?" అన్నారు. నాకు కోపం వస్తే గిన్నెల చప్పుడు మారుతుందని ఆయన అంటూ ఉంటారు. వచ్చే పిల్లలకి ఏదైనా పంచిపెట్టడానికి మంచి డబ్బా ఉందేమోనని అటక మీది పాత సూట్‌కేసు దింపించాను. డబ్బా దొరకలేదు. చీరల అడుగున, అరచేయంత ఆకుపచ్చ వెల్వెట్ సంచి ఒకటి దొరికింది. మెడలో వేసుకోవడానికి బంగారు రంగు తాడు, అంచులకి జరీ కుట్టు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా సన్నగా బుఖూర్ ధూపం వాసన. లోపల రెండు పిస్తా పెంకులు, రంగు పోయి తెల్లబడ్డ కాగితం పూల రేకు ఒకటి. నేను మంచం మీద కూర్చుని ఆ సంచిని ఒళ్లో పెట్టుకున్నాను. అది మా నాన్నగారిది.

మా నాన్నగారు కోనసీమలో ఎలిమెంటరీ బడి పంతులు. ఊళ్లో పెద్దలూ పిల్లలూ అందరికీ ఆయన మాస్టారే, పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. దసరా వచ్చిందంటే వారం ముందునుంచీ మా ఇంటి అరుగు వెదురు పుల్లలతో, రంగు కాగితాలతో, మైదా జిగురుతో నిండిపోయేది. ఒక్కొక్కరికీ ఒక విల్లంబు. దాని కొసన చిన్న దొప్పలో పూలరేకులు పోసి, తాడు లాగి వదిలితే ఆ రేకులు ఎదుటివాళ్ల మీద పడతాయి. కొత్త బట్టలు వేసుకున్న పిల్లల్ని వరసగా నిలబెట్టి, నాన్నగారు ముందు నడుస్తూ ప్రతి గుమ్మం ముందూ పాట పాడించేవారు. పాట అయ్యాక ఇంటివాళ్ల మీద పూలు. ఇంటివాళ్లు పిల్లల దోసిళ్లలో పప్పుబెల్లాలు పోసి, మాస్టారికి తోచింది ఇచ్చేవారు. పంచె ఇచ్చినవాళ్లూ ఉన్నారు, గుమ్మడికాయ ఇచ్చినవాళ్లూ ఉన్నారు. నాన్నగారికి ఒకటే నియమం, వీధిలో ఒక్క ఇల్లు కూడా వదలకూడదు. పెంకుటిల్లయినా పాకయినా, ఇచ్చేవాళ్లయినా లేనివాళ్లయినా. "ఇల్లు వదిలేసి వెళ్తే, ఆ ఇంట్లో మనుషులు లేరన్నట్టేగా" అనేవారు. చాకలిపేట చివరి పాక దాకా వెళ్లి, అక్కడ కూడా మేడ ముందు పాడించినంత పాటా పాడించి గానీ వెనక్కి తిరిగేవారు కాదు.

నేను ఐదో తరగతిలో ఉండగా, రైసుమిల్లువారి అమ్మాయి అమలాపురం కాన్వెంటులో చేరింది. అక్కడ ఏం నేర్చుకుందో గానీ, ఒకరోజు చెరుకు నములుతూ నన్ను చూసి, "మీ నాన్న దసరాకి అడుక్కుంటాడంటగా" అంది. ఆ ఏడు దసరాకి మిల్లువారి గేటు ముందు అందరూ పాట ఎత్తుకున్నారు. నేను నా విల్లంబు కాలవలోకి విసిరేసి, "నేను అడుక్కోను" అని పెద్దగా అరిచాను. నాన్నగారు వెనక్కి తిరిగి నావైపు చూశారు. పాట పూర్తి చేయించి, ఆ ఒక్క ఏడూ మిగతా ఇళ్లన్నీ నేను లేకుండా తిరిగి వచ్చారు. మరుసటి ఏడు ఎవరడిగినా కాలి నొప్పి అన్నారు. ఆ తరవాత ఇక ఎప్పుడూ వెళ్లలేదు. ఆ కాలి నొప్పి ఆయనకి దసరాకి తప్ప మరెప్పుడూ రాలేదని మా అమ్మకి తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

పెళ్లయ్యాక నేను కువైట్ వెళ్లాను. మా ఆయన అక్కడ ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు. ఎగైలా అనే పేటలో ఒక కువైటీ పెద్దావిడ విల్లాలో, పై అంతస్తులో రెండు గదులు మాకు అద్దెకి దొరికాయి. కింద రెండు అంతస్తులూ ఆవిడవే. పెద్ద కొడుకు పేరు జాసిం కాబట్టి అక్కడి పద్ధతిలో ఆవిడని అందరూ ఉమ్ జాసిం అనేవారు, జాసిం తల్లి అని. మోకాళ్ల నొప్పులు, గంభీరమైన మొహం. మేము మెట్ల మీద ఎదురుపడితే తలూపడమే తప్ప మాట్లాడినట్టు గుర్తులేదు. అయినా ఆ ఇల్లు ఎప్పుడేం చేస్తోందో మాకు వాసనల వల్ల తెలిసిపోయేది. పొద్దున యాలకులు వేసిన కాఫీ, మధ్యాహ్నం బియ్యంలో ఎండు నిమ్మకాయ, శుక్రవారం ప్రార్థనకి ముందు బుఖూర్. ఆ ధూపం మెట్లెక్కి వచ్చి మా వంటింట్లో పోపు వాసనతో కలిసిపోయేది. రంజాను నెలలో సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి కిందనుంచి గోధుమ, మాంసం కలిపి మెత్తగా ఉడికించిన హరీస్ పళ్లెం వచ్చేది. మేము మాంసం తినమని చెప్పాక, మరునాటినుంచి దాని బదులు ఖర్జూరాలు, తీపి ఉండలు వచ్చేవి.

ఆ పళ్లెం తెచ్చే మనిషి రమణమ్మ. రాయచోటి పక్క పల్లె. ఆ ఇంట్లో పదేళ్లుగా పని. ఇల్లు కట్టించడానికి వచ్చి, కట్టాక కూతురి చదువుకని ఆగి, అలా ఆగిపోయింది. నాకు అరబ్బీ నాలుగు ముక్కలకి మించి రాదు. ఆమెకి ఉమ్ జాసిం దగ్గర నేర్చుకున్న అరబ్బీ గడగడా వచ్చేది. పళ్లెం నా చేతికిచ్చి మెట్ల మీదే కూర్చుని, "ఏమక్కా, మీ గోదావరోళ్లు కూరలో గూడా చక్కెరేస్తారంట కదా" అని వెక్కిరించేది. "మీరు నీళ్లలో కూడా కారం వేసుకుంటారట" అనేదాన్ని నేను. అక్కడ పనివాళ్లు ఇంటావిడని మామా అంటారు. కిందనుంచి ఆవిడ పిలుపు వినపడగానే "వస్తాండా మామా" అని తెలుగులో అని, మళ్లీ అరబ్బీలో అదే మాట అరుస్తూ దిగిపోయేది.

అమ్మ పోయిన ఏడాదికి నాన్నగారు విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. అప్పటికి ఆయన రిటైరై చాలా కాలమైంది. తెల్లవారుజామునే లేచి, పళ్లపొడితో పళ్లు తోముకుని, ఇస్త్రీ పంచె, లాల్చీ వేసుకుని తయారై కూర్చునేవారు. వెళ్లడానికి బడి లేదు. అప్పడాలు చుట్టి వచ్చిన పాత తెలుగు పేపరు ముక్కని నాలుగైదుసార్లు చదివి, తప్పులు దిద్ది మడతపెట్టేవారు. వారం తిరక్కుండానే ఆయన చేతిలో బ్లేడు, పెన్సిలు కనిపించాయి. మా అమ్మాయి సింధు పెన్సిళ్లన్నీ సూదుల్లా చెక్కిపెట్టారు. తరవాత పక్క వీధిలో ఉన్న రెండు తెలుగు కుటుంబాల పిల్లలవీ. పెన్సిళ్ల వెనకే పిల్లలూ వచ్చారు. మేడ మీద నీళ్ల ట్యాంకులకీ డిష్ యాంటెన్నాలకీ మధ్య నీడ చూసుకుని ఏడుగురు పిల్లలతో బడి మొదలైంది. ఇంగ్లీషు, హిందీ తప్ప రాని ఆ పిల్లలు పదిరోజుల్లో రెండో ఎక్కం తెలుగులో అప్పజెప్పారు. బట్టలు ఆరేయడానికి వచ్చిన రమణమ్మ తడి దుప్పటి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయేది. "మా అయివారు గూడా ఇట్లనే చెప్పేటోడు సామీ, బెత్తం ఒకటే తేడా" అనేది.

ఆ ఏడు రంజాను నెల, దసరా కలిసి వచ్చాయి. రోడ్డు పక్క ఖర్జూరపు చెట్లు కత్తిరించే పనివాళ్ల దగ్గర నాన్నగారు మట్టలు అడిగి తెచ్చుకుంటుంటే నేను పట్టించుకోలేదు. మర్నాడు హాల్లో రంగు కాగితాలు, మైదా జిగురు కనిపించేసరికి నాకు సంగతి అర్థమైంది. రమణమ్మ కాంపౌండు గోడ మీది కాగితం పూలు గంపెడు కోసి పెట్టింది. "ఇక్కడ ఇలాంటివి బాగుండవు నాన్నా" అన్నాను. ఆయన విల్లుకి తాడు కడుతూ, "మనవాళ్ల ఇళ్లకేనమ్మా. మూడంటే మూడు గుమ్మాలు. పిల్లలు సరదా పడుతున్నారు" అన్నారు. నన్ను వరం అని పిలిచే మా ఆయన కూడా ఆయనకే వంత పాడారు. "తిరగనీ వరం. ఉపవాసాలు విడిచాక సాయంత్రం వెళ్తారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు." ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బంది నాకుందని ఆయనకి తెలియదు. ఇన్నేళ్ల తరవాత నాన్నగారి కాలి నొప్పి పోయింది. ఈసారి కూడా అది నా మాట వల్లే తిరిగి వస్తే నన్ను నేను క్షమించుకోలేను. అందుకని నోరు మూసుకుని పుట్నాలపప్పు, బెల్లం కలిపి పెట్టాను.

విజయదశమి సాయంత్రం, మసీదులో పిలుపు వినపడి, వీధిలో వంటల వాసనలు తగ్గాక, నాన్నగారు చేతిలో ఒక పళ్లెంతో, పిల్లల్ని తీసుకుని బయల్దేరారు. ముందు మా గుమ్మంలో పాడారు. సింధు లాగిన తాడుకి కాగితం పూలు నా మొహాన పడ్డాయి. తరవాత పక్క వీధిలో రెండు ఇళ్లు. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. మూడో ఇల్లు అయిపోయింది, తిరిగి వస్తున్నారు, గండం గడిచిందనుకున్నాను. అప్పుడు నాన్నగారు ఒక విల్లా గేటు ముందు ఆగారు. పిల్లల్ని వరసలో నిలబెట్టారు. పాట మొదలైంది. లోపలనుంచి ఎవరూ రాలేదు. అయినా గేటు మీద పూలు చల్లించి, పక్క గేటుకి నడిచారు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పరాయి దేశం, పరాయి భాష, అయినా అది ఆయన నడిచే వీధి. ఆ వీధిలో ఇల్లు వదలడం ఆయనకి చేతకాదు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తాను. రంజాను నెలలో ఇళ్లముందు చేయి చాపేవాళ్లమీద అక్కడ పోలీసులు గట్టిగా ఉంటారు. పట్టుకుంటే మాటల్లేవు, ఖలాస్, విమానం ఎక్కించడమే. పిల్లల్ని వెంటపెట్టుకుని తిరిగితే మరీ తప్పు. నేను వెళ్లేసరికి మా ఎదుటి విల్లా ముందు ఒక పెద్ద కారు ఆగి ఉంది. పాదాలదాకా తెల్లటి అంగీ, దిష్‌దాషా వేసుకున్న మనిషి దిగి నాన్నగారితో గట్టిగా మాట్లాడుతున్నాడు. 'హరామ్' అన్న మాట, 'ఇఖామా' అన్న మాట నాకు వినపడ్డాయి. విజిట్ మీద వచ్చిన నాన్నగారి దగ్గర ఇఖామా, అక్కడ ఉండేవాళ్ల గుర్తింపు కార్డు, ఎక్కడుంది, పాస్‌పోర్టు నా బీరువాలో ఉంది. ఆయన రెండు చేతులూ జోడించి చిరునవ్వుతో నిలబడ్డారు. పిల్లలు విల్లంబులు వెనక్కి దాచుకున్నారు. సింధు ఏడుపు మొహం పెట్టింది. ఆ మనిషిని తప్పు పట్టలేను. అతను చూసింది ఒక ముసలాయన్ని, ఏడుగురు పిల్లల్ని, ఒక ఖాళీ పళ్లేన్ని.

అప్పుడు నేను చేసిన పని ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో వెతుక్కుని, "మాఫీ ముఖ్, బాబా మాఫీ ముఖ్" అన్నాను. బుర్ర లేదు, మా నాన్నకి బుర్ర లేదు అని. అని ఊరుకోలేదు. వేలు కణత దగ్గర పెట్టి తిప్పి చూపించాను. నాన్నగారికి అరబ్బీ రాదు. వేలు అర్థం కావడానికి అరబ్బీ అక్కర్లేదు. ఆయన చిరునవ్వు అలాగే ఉంది గాని జోడించిన చేతులు మెల్లగా కిందికి దిగాయి. నా అబద్ధం వల్ల మేలేమైనా జరిగిందా అంటే అదీ లేదు. ఆ మనిషికి కోపం రెట్టింపయింది. మతి లేనివాడి చేతికి పిల్లల్ని ఎలా ఇచ్చావని నన్ను ఇంగ్లీషులో అడిగి, జేబులోంచి ఫోను తీశాడు.

అప్పుడు మా గేటు తెరుచుకుంది. సాయంత్రం పూట వాకిట్లో కుర్చీ వేసుకుని టీ తాగడం ఉమ్ జాసిం అలవాటు. కేకలు విని రమణమ్మని చూసి రమ్మందట. రమణమ్మ పరాయి మగవాళ్లముందు తలెత్తే మనిషి కాదు. ఆ ఇంట్లో ఉద్యోగం పోతే కూతురి చదువు ఆగిపోతుంది. అలాంటి మనిషి గబగబా వచ్చి, నన్ను పక్కకి జరిపి, ఆ కారాయనకీ నాన్నగారికీ మధ్య నిలబడింది. అరబ్బీలో ఏదో గట్టిగా అంది. 'ముదర్రిస్' అన్న మాట మూడుసార్లు వినపడింది. పంతులు అని. తరవాత గేటు వైపు తిరిగి లోపలికి వినపడేలా ఉమ్ జాసింకి చెప్పడం మొదలుపెట్టింది. చేతులు ఊపుతూ, పిల్లల్నీ, పూలనీ, విల్లునీ చూపిస్తూ. మధ్యలో నావైపు తిరిగి తెలుగులో, "ఏమక్కా, అయివారిని పట్టుకోని అట్లంటావా? నిండా తప్పు" అంది. నాకు తలకొట్టేసినట్టయింది.

ఉమ్ జాసిం కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఆ మోకాళ్లతో వాకిలి దాటి గేటు దాకా రావడం నేను మొదటిసారి చూశాను. కారాయనతో రెండు మాటలు అంది. అతను ఫోను జేబులో పెట్టుకుని, తల వంచి ఆవిడ నుదుటిని ముద్దు పెట్టుకున్నాడు. అక్కడ పెద్దలకి చూపే గౌరవం అది. తరవాత ఆవిడ నాన్నగారిని నిదానంగా చూస్తూ మాట్లాడింది. రమణమ్మ తన భాషలోకి మార్చి చెప్పింది. "సామీ, మామా చిన్నప్పుడు వీళ్లకి బళ్లు లేవంట. ఖురాను చదివిచ్చే అయివారు ఉండేటోడంట. ఒక పిల్లోడు ఖురాను మొత్తం చదివేస్తే, అయివారు పిల్లోళ్లందరినీ ఎంటబెట్టుకోని ఇంటింటికీ పోయి పాట పాడిచ్చేటోడంట. ఇంటోళ్లు అయివారికి మర్యాద చేసేటోళ్లంట. మామా గూడా ఆ పిల్లోళ్లల్లో తిరిగిందంట. ఇప్పుడు అదంతా ల్యా అని బాధపడతాంది. మళ్లా మొదట్నించి పాడమంటాంది."

నాన్నగారు పంచె సర్దుకుని పిల్లల్ని వరసలో నిలబెట్టారు. ఆ పాట అంత గట్టిగా, అంత బాగా ఎవరైనా పాడగా నేను వినలేదు. నేను కూడా పాడాను. ఐదో తరగతిలో మధ్యలో ఆపేసిన చోటు దాటి చివరిదాకా పాడాను. ఏడు విల్లంబులనుంచి కాగితం పూలు ఉమ్ జాసిం నల్లటి అబాయా మీద పడ్డాయి. ఆవిడ దులుపుకోలేదు. నాన్నగారి పళ్లెం నిండా ఖర్జూరాలు పోయించింది. కారాయన తన ఇంట్లోంచి చాక్లెట్ల డబ్బా తెప్పించి పిల్లలకి తనే పంచాడు.

అంతటితో అయిపోయిందని నేను అనుకున్నాను. నాన్నగారు రమణమ్మవైపు తిరిగి, "నీ ఇల్లు ఎక్కడమ్మా?" అని అడిగారు. ఆమెకి అర్థం కాలేదు. "నాకు ఇల్లేడుంది సామీ, ఊర్లో ఉంది" అంది. "ఇక్కడ నువ్వు పడుకునే గది చూపించు" అన్నారు. పెరట్లో బట్టలుతికే మిషను పక్కన ఇరుకు గది అది. అన్నేళ్లూ ఆ ఇంట్లోనే ఉండి నేను ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు. ఒక ఇనప మంచం, ఒక బీరువా. దాని తలుపు లోపలివైపు వెంకటేశ్వరస్వామి పటం అంటించి ఉంది. నాన్నగారు పిల్లల్ని ఆ గుమ్మం ముందు నిలబెట్టి, ఒక్క చరణం తగ్గించకుండా మొత్తం పాట పాడించారు. పూలు పడుతుంటే రమణమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. "పదేండ్లాయ సామీ. నా గుమ్మానికి ఒక మనిషి వచ్చింది ల్యా" అంది. మంచం కిందనుంచి డబ్బా తీసింది. ఊరినుంచి ఎవరో వస్తుంటే కూతురు పంపిన చెనక్కాయలు. రోజుకి గుప్పెడు చొప్పున దాచుకుని తింటోందని నాకు తెలుసు. డబ్బా మొత్తం పిల్లల దోసిళ్లలో పోసేసింది. నాన్నగారు కూడా దోసిలి పట్టారు. అప్పుడు నాకు మిల్లువారి అమ్మాయి గుర్తొచ్చింది. ఎదురుగా ఉంటే చెవి పట్టుకుని తీసుకొచ్చి ఆ గది ముందు నిలబెట్టేదాన్ని.

ఆ తరవాత వారానికి రంజాను సగమైంది. ఆ రోజుల్లో అక్కడి పిల్లలకి గిర్గియాన్ పండగ. ఆడపిల్లలు జరీ పని చేసిన పొడుగు గౌన్లు, తలకి బంగారు రంగు గొలుసులు, మగపిల్లలు తెల్ల దిష్‌దాషాలు వేసుకుని, మెడలో గుడ్డసంచులతో ఇంటింటికీ వచ్చి పాడతారు. ఇంటి బిడ్డ పేరు పెట్టి, ఆ బిడ్డ చల్లగా ఉండాలని కోరుకుంటారట. ఇంటివాళ్లు ఆ సంచుల్లో బాదం, పిస్తా, మిఠాయిలు పోస్తారు. కార్లూ మేడలూ ఉన్న ఇళ్ల పిల్లలు గుమ్మం గుమ్మం ముందూ నిలబడి సంచి చాపుతుంటే నేను కళ్లప్పగించి చూశాను. ఏ ఒక్కరి మొహంలోనూ చిన్నతనం లేదు. ఆ వారమే ఏదో ఇంగ్లీషు బడిలో హాలోవీన్ జరిగిందట. ఇద్దరు ముగ్గురు పిల్లలు సంచులతోపాటు దెయ్యం మాస్కులు కూడా తగిలించుకుని వచ్చారు. ఉమ్ జాసిం వాళ్లని ఆపి, మొహం చూపిస్తేనే బాదం పోస్తానందట. మాస్కులు తీశాక ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, ఎవరి మనవడో పోల్చుకుని, అప్పుడు పోసింది.

ఆ సాయంత్రం ఆవిడ పక్కన ఇంకో కుర్చీ వేయించారు. దాంట్లో నాన్నగారు. ఇస్త్రీ లాల్చీ, మెడలో ఆవిడే కుట్టిన ఆకుపచ్చ సంచి. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఎదురుగా వచ్చే పిల్లల్ని చూస్తూ తృప్తిగా కూర్చున్నారు. మా ఏడుగురూ అక్కడి పిల్లల వరసలో కలిసిపోయారు. రమణమ్మ గంపలు మోస్తూ, వచ్చినవాళ్లందరికీ, "ముదర్రిస్, మా ముదర్రిస్" అని నాన్నగారిని చూపించేది. ఆ మాట ఆమె అంటుంటే నాకు గర్వంగా ఉండేది, ఆమెకన్నా ముందు నేను అనలేకపోయానని సిగ్గుగానూ ఉండేది.

పైకి వెళ్తూ మెట్ల మీద నేను ఆగిపోయాను. "నాన్నా, ఆ రోజు నేను వేలు..." అన్నాను. ఆయన రెండు మెట్లు ఎక్కి, ఆయాసం తీర్చుకుని, "పోలీసులొస్తారని భయపడ్డావు. పిల్లల కోసం ఆ మాత్రం నేనూ అందును" అన్నారు. ఇంకో రెండు మెట్లు ఎక్కాక నవ్వారు. "నీ విల్లంబు మర్నాడు లాకుల దగ్గర దొరికిందిలే. దాన్ని బాగుచేయడం కుదర్లేదు గానీ, పారేయలేదు." అది కువైట్ సంగతి కాదని, ఇరవై ఏళ్లనాటి కాలవ సంగతని అర్థమవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. నేను అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన పక్కన కూర్చుని సంచిలోంచి పిస్తాలు ఒలిచి పెట్టారు.

నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. ఉమ్ జాసిం కూడా లేదని రమణమ్మే ఫోను చేసి చెప్పింది. రమణమ్మ ఇప్పుడు రాయచోటిలో మనవరాలిని ఆడిస్తోంది. ఈ మధ్య గిర్గియాన్‌కి పేర్లు అచ్చువేసిన పెట్టెలు ముందే ఆర్డరు ఇచ్చి పంచుతారని విన్నాను. మా ఊళ్లో దసరాకి పిల్లలు తిరగడం ఎప్పుడో పోయింది. ఇక్కడ ఇప్పుడు స్టిక్కర్లు వచ్చాయి. పిల్లలకి తలుపులు తట్టే సరదా ఎక్కడైనా ఒకటే, అందులో నాకు పేచీ లేదు. మాస్కులూ వేసుకోనీ, గుమ్మడికాయలూ చెక్కనీ. ఏ తలుపు తట్టాలో, ఏది తట్టకూడదో పెద్దవాళ్లు ముందే గీత గీసి ఇవ్వడమే నాకు మింగుడుపడదు. ఆ ప్రకటన చదివి ఒళ్లు ఎందుకు మండిందో సంచి చూశాక తెలిసింది.

మా తలుపుకీ స్టిక్కర్ ఉంది. శనివారం సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే పదిమంది దెయ్యాలు. నేను పుట్నాలపప్పు, బెల్లం ముక్కలు కలిపి పెట్టిన గిన్నె పట్టుకొచ్చాను. "ముందు మొహాలు చూపించండి" అన్నాను. మాస్కులు పైకి వెళ్లాయి. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని ఎవరి పిల్లలో కనుక్కుని, దోసిళ్లలో పోశాను. "ఇంకా ఎన్ని ఇళ్లు ఉన్నాయర్రా?" అని అడిగితే, అయిపోయాయి ఆంటీ అన్నారు. "అవలేదు. కింద జనరేటరు పక్కన ఒకటుంది" అన్నాను. వాళ్లు మొహామొహాలు చూసుకున్నారు. "అది మంగవాళ్ల రూమ్ కదా ఆంటీ. దానికి స్టిక్కర్ లేదు" అన్నాడొకడు. నేను ఆకుపచ్చ సంచి మెడలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాను. మా ఆయన పేపరు దించి చూసి, లేచి తనూ చెప్పులు వేసుకున్నారు. లిఫ్టు వద్దని మెట్లమీదనుంచే వరసగా దింపాను. మంగ గది ముందు వాళ్లని నిలబెడుతుంటే, కొమ్ముల టోపీ పెట్టుకున్న ఒక చిన్నపిల్ల నా సంచిని పట్టుకుని లాగింది.

"ఆంటీ, మీదేం వేషం?"

"నాది వేషం కాదమ్మా. నేను దసరా మాస్టారి కూతుర్ని" అన్నాను, లోపల మంగకి కూడా వినపడేలా. అని, తలుపు తట్టాను.